చక్రవర్తికి పట్టని నిద్ర



రాత్రి భోజనాలై, కుటుంబ ప్రార్థన ముగిసి, లైటు ఆర్పిన తరువాత ఈ మధ్య మేము ఫోనులో ప్రాచీన రోమీయుల చరిత్ర వింటున్నాం. చదివేవారి గొంతు మెల్లగా సాగుతుంది. చక్రవర్తులు వస్తారు, పోతారు. యుద్ధం ఎవరు గెలిచారో తెలియకముందే కన్ను మూతపడుతుంది. మీలో కొందరు కూడా ఇలాగే వింటున్నామన్నారు. రెండు వేల ఏండ్ల క్రిందటి కష్టం ఇప్పుడు మనల్ని ఏమీ చేయలేదు గనుక అది జోలపాటలా ఉంటుంది కాబోలు.

అయితే ఒక సంగతి మాత్రం మమ్మల్ని నిద్రపోనివ్వలేదు.

ప్రజాసంఖ్య వ్రాయించమని ఆజ్ఞ ఇచ్చిన కైసరు ఔగుస్తు లూకా సువార్త ద్వారా మనకు తెలిసినవాడే. క్రీ.పూ. 27 నుండి క్రీ.శ. 14 వరకు ఏలాడు. ఆయన జీవితం వ్రాసిన సుయెటోనియస్ చెప్పేదేమంటే, ఔగుస్తు రాత్రికి ఏడు గంటలకు మించి పడుకునేవాడు కాడు. అందులోనూ మూడు నాలుగు సార్లు మెలకువ వచ్చేది. మళ్లీ నిద్ర పట్టకపోతే చదివేవాళ్లనో కథలు చెప్పేవాళ్లనో పిలిపించుకునేవాడు. ప్రక్కన ఎవరైనా కూర్చోకుండా చీకట్లో మేలుకొని ఉండేవాడు కాడట.

మరో ముచ్చట మాక్రోబియస్ అనే రచయిత చెప్పాడు. 2 కోట్ల సెస్టెర్సులకు పైగా అప్పు దాచిపెట్టి ఒక పెద్దమనిషి చనిపోయాడు. ఆయన సామాను వేలం వేస్తుంటే, ఆ పరుపు కొనిపెట్టమన్నాడట ఔగుస్తు. అంత అప్పుతోనూ మనిషి నిద్రపోగలిగిన పరుపు కదా అని! విని మేము నవ్వుకున్నాం. లోకాన్ని ఏలినవాడు ఇంకొకరి పరుపులో నిద్ర వెతుక్కున్నాడు.

నవ్వు తగ్గాక ఒక ప్రశ్న మిగిలింది. అర్ధరాత్రి లేపితే వచ్చిన ఆ చదివేవాడి సంగతేమిటి? రోమా ధనికుల ఇండ్లలో చదివి వినిపించేవారు ఎక్కువగా దాసులు, లేదా దాస్యం నుండి విడుదలైనవారు. యజమానికి నిద్ర రావాలంటే వాళ్లు మేలుకోవాలి.

పట్టణమూ అంతే. జూలియస్ కైసరు కాలపు చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, పగటి వేళ బండ్లు రోమాలోకి రాకూడదు. అందుచేత సరుకు బండ్ల రొద సాయంత్రం మొదలై రాత్రంతా సాగేది. రోమాలో నిద్ర ధనవంతులకే దొరుకుతుందని కవి జువెనల్ వాపోయాడు. క్రీ.శ. 6లో ఔగుస్తు అగ్నిప్రమాదాల కోసం ఏడు దళాల కావలివారిని నియమించాడు. పట్టణంలోని 14 వార్డులకు, రెండేసి వార్డులకు ఒక దళం. మొదట్లో వాళ్లు కూడా దాస్యం నుండి విడుదలైనవారే. బొక్కెనలూ గొడ్డళ్లూ పట్టుకొని చీకటి వీధుల్లో తిరిగేవారు.

రోమీయులు రాత్రిని నాలుగు కావలి జాములుగా పంచుకున్నారు. సువార్తలో ప్రభువు సముద్రం మీద నడిచి వచ్చిన నాలుగవ జాము ఆ లెక్కలోదే. అది కావలివాడి ఒళ్లు బాగా అలసిపోయే వేళ. దోనెలోని శిష్యులు కూడా అప్పటిదాకా గాలికి ఎదురు తెడ్లు వేస్తూనే ఉన్నారు.

ఇంకొక రాజుకు కూడా నిద్ర పట్టలేదు, గుర్తుందా? ఎస్తేరు గ్రంథంలోని అహష్వేరోషు. ఆయనా రాజ్య చరిత్రనే చదివించుకున్నాడు. కాని అది ఆయనను నిద్రపుచ్చలేదు. తన ప్రాణం కాపాడిన మొర్దెకైకి ఏ మేలూ చేయలేదన్న సంగతి బయటపెట్టింది. మరచిపోయిన ఋణం ఒకటి ఆ రాత్రి గుర్తుకు వచ్చింది.

ప్రియులారా, చరిత్ర వింటూ నిద్రపోవడం తప్పని మేము అనడం లేదు. అలసిన శరీరానికి నిద్ర దేవుడిచ్చిన వరమే. వినండి, హాయిగా పడుకోండి. కాని కన్ను మూతపడేముందు ఒక్క పేరు తలచుకుందాం. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే మన సంఘపు చెల్లెలు కావచ్చు, కరెంటు వచ్చే వేళకు మోటారు వేయడానికి చేను దగ్గర కాచుకున్న అన్న కావచ్చు. మన నిద్ర కోసం మేలుకొన్నవారిలో మనం ఇంతవరకు మేలు చేయని మొర్దెకై ఎవరు? తెల్లవారగానే అహష్వేరోషు చేసినట్లు మనమూ ఆ ఋణం తీర్చుకుందాం.