పురిటి గది గడప దాటిన తండ్రి

మనలో చాలామంది తండ్రులైన రోజుల్లో భార్య ప్రసవానికంటూ మగ ఉద్యోగికి ప్రత్యేకమైన సెలవు లేదు. రెండు రోజులు క్యాజువల్ లీవు పెట్టి, అత్తవారి ఊరు వెళ్లి బిడ్డను చూసి, మూడవనాడు సెక్షనులో మిఠాయి పంచడం ఆనవాయితీ. దీన్ని ఎవరూ లోటుగా భావించలేదు. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆచారం. మంత్రసాని, అమ్మమ్మ, పెద్దమ్మ, వాము, కాయం, పథ్యం అన్నీ అక్కడే ఉండేవి. పురుడు వెళ్లేదాకా మగవాళ్లకు ఆ గదిలో పని లేదు. అల్లుడికి కార్డు ముక్కో టెలిగ్రామో వచ్చేది. పదకొండో రోజునో ఇరవయ్యొకటో రోజునో బారసాలకు వెళ్లి బిడ్డను ఎత్తుకుంటే ఎత్తుకున్నట్లు!

ఈ సెలవు కథ విదేశాల్లో ముందుగా మొదలైంది. 1974లో స్వీడన్ దేశం ప్రసూతి సెలవును తల్లిదండ్రులిద్దరూ వాడుకొనేలా మార్చింది. మన దేశంలో 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం తల్లికే పరిమితం. 2017 సవరణలో తల్లి సెలవు 12 వారాల నుండి 26 వారాలకు పెరిగింది గాని తండ్రి ఊసు రాలేదు. ప్రభుత్వోద్యోగులకు మాత్రం దారి వేరుగా ఏర్పడింది. అయిదవ వేతన సంఘం అనంతరం 1997లో కేంద్రం మగ ఉద్యోగులకు 15 రోజుల పితృత్వ సెలవు మంజూరు చేసింది. కాన్పుకు 15 రోజులు ముందు మొదలుకొని ఆరు నెలల లోపు వాడుకోవాలి. మన రాష్ట్రంలో 2005 సెప్టెంబరులో జి.ఓ. 231 ద్వారా అదే 15 రోజులు వచ్చింది. ఇద్దరు బిడ్డల వరకే ఈ సౌకర్యం.

జి.ఓ.తో నిమిత్తం లేకుండానే తండ్రిని పురిటి గదిలోకి లాగిన చోట్లు కొన్ని ఉన్నాయి. అందులో మన కృష్ణానగర్ ఒకటి. చిత్ర పరిశ్రమ మద్రాసు నుండి తరలివచ్చింది. అమీర్‌పేటలో సారథి స్టూడియో, ఆపైన 1976లో అన్నపూర్ణ స్టూడియో వెలిశాయి. వాటిని నమ్ముకుని వచ్చిన లైట్‌బాయ్‌లు, జూనియర్ ఆర్టిస్టులు, సహాయ దర్శకులు ఈ సందుల్లో ఒంటి గదులు అద్దెకు తీసుకున్నారు. పుట్టిల్లు ఏ గోదావరి ఒడ్డునో ఉండి, పెద్దవాళ్లు రాలేకపోతే బాలింతకు రెండో మనిషి భర్తే. అతనికి పితృత్వ సెలవు లేదు, కాల్‌షీట్ పోతే ఆ రోజు కూలీ పోయినట్లే.

సెలవున్న మన అబ్బాయిలు ఆ పదిహేను రోజుల్లో సగం బారసాల ఏర్పాట్లకు, విందు భోజనాలకు ఖర్చు చేయడం చూస్తున్నాం. అది దుబారా అని నా అభిప్రాయం. బిడ్డ, తల్లి ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన నాటి నుండి సెలవు పెట్టుకుంటే ఫలితం ఎక్కువ. రాత్రి బిడ్డకు గుడ్డలు మార్చడం, పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు తెప్పించడం, వెల్లకిలా పడుకోబెట్టడం, బాలింతకు వేళకు అన్నం పెట్టి రెండు గంటలు కంటి నిండా నిద్రపోనివ్వడం — ఇవన్నీ మగవాడు చేయగలిగిన పనులే. బరువు తక్కువ పిల్లలను తల్లి రొమ్మున ఆనించి వెచ్చగా ఉంచే పద్ధతిని 1978లో కొలంబియాలోని బొగోటాలో డాక్టర్ ఎడ్గార్ రే మొదలుపెట్టారు. తల్లి అలసినపుడు తండ్రి ఛాతీ మీద కూడా బిడ్డకు ఆ వెచ్చదనం దొరుకుతుంది.

అసలు కష్టం పెద్దవాళ్లతో, అనగా మనతోనే! ముర్రుపాలు పిండి పారబోసి, తేనె చుక్కో ఆముదం చుక్కో నాకించడం మన ఇళ్లలో ఉండేది. పుట్టిన గంటలోపు ఆ పాలే పట్టాలని వైద్యులు చెబుతున్నారు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001 నుండి అంటున్నది. బొడ్డు మీద పసుపు, బూడిద ఏదీ రాయక పొడిగా ఉంచాలి. "వద్దు అత్తయ్యా, డాక్టరు గారు చెప్పారు" అనే మాట కోడలి నోటి నుండి వస్తే తగవు అవుతుంది. "వద్దమ్మా" అని కొడుకు అంటే సర్దుకుంటుంది.

తండ్రి కంట కనిపెట్టవలసినవి కొన్ని ఉన్నాయి. వారం నిండేసరికి రోజుకు ఆరు గుడ్డలైనా తడవాలి. తడవకపోతే పాలు చాలడం లేదేమోనని డాక్టరుకు చూపించాలి. తొలిరోజే పసుపు పచ్చదనం కనిపించినా, అరచేతులకు, అరికాళ్లకు పాకినా, బిడ్డ పాలు పట్టకపోయినా, ఒళ్లు కాలినా, మరీ చల్లబడినా, ఫిట్స్ వచ్చినా, నిమిషానికి అరవై సార్లకు మించి ఊపిరి తీస్తున్నా తెల్లవారే దాకా ఆగరాదు. తల్లికి రక్తస్రావం గంట గంటకూ ప్యాడ్ తడిసేంతగా ఉన్నా అంతే.

ఇక కాగితం పని. అది మనకు అలవాటైన విద్య! 1969 చట్టం ప్రకారం జననాన్ని 21 రోజుల లోపు నమోదు చేయించాలి. కాన్పు ఆసుపత్రిలో అయితే వివరాలు వారే పంపుతారు. తల్లిదండ్రుల పేర్లలో అక్షరదోషాలు లేకుండా చూసుకోవడం తండ్రి వంతు. పేరు పెట్టకపోయినా నమోదు ఆగదు, 12 నెలల లోపు పేరును రుసుము లేకుండా చేర్పించవచ్చు. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి బడిలో చేరడానికైనా, పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి రుజువు ఈ జనన ధ్రువపత్రమే.