మోతాదా? క్వార్టరా?

షామీర్‌పేటలో నానమ్మతో గళ్ళ నుడికట్టు పూరిస్తున్నా. 'మందు కొలత', మూడక్షరాలు. నేను 'క్వార్టర్' అన్నా. నానమ్మ నవ్వి 'మోతాదు రా' అంది. పక్క ఆధారం 'వైన్ పోసేది': సీసా.

ఈ రెండు మాటల చరిత్ర భలే ఉంటుంది. మోతాదుకు మూలం అరబ్బీ 'ముతాద్', అంటే అలవాటైనది. సీసాకు పారసీ 'షీషా', అంటే గాజు. గోల్కొండ, ఆసఫ్‌జాహీల దర్బారుల్లో పారసీ నడిచింది. అలాంటి మాటలు మన ఇళ్ళలోకీ వచ్చేశాయి.

కానీ అలవాటు వేరు, కొలత వేరు. ఫుల్ బాటిల్ 750 ఎంఎల్, క్వార్టర్ 180. నాలుగు కలిపినా 720యే! అక్కడ ఎవరూ పట్టించుకోరు. మన పక్కనే జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాక్సిన్ డోసు మాత్రం కచ్చితంగా 0.5 ఎంఎల్.

నానమ్మేమో దగ్గుమందు సీసా ఎత్తి తాగేస్తుంది. 'అలవాటే రా!' గళ్ళలో తప్పయితే రబ్బరుతో చెరిపేయొచ్చు, ఒంట్లోకి పోయింది చెరపలేం. ఇప్పుడు కొలత మూతతో నేనే పోస్తున్నా. మరి మీ ఇంట్లో?