నాలిక లేని గడ్డి

మా అవ్వ పుట్టిల్లు కోవిల్‌పట్టి పక్క కరిసల్ సీమలో. అత్తిల్లు తామ్రపర్ణి కాలువ కింద, నంజ పొలాల మధ్య. రెండూళ్లకీ నడుమ ఎద్దుబండి మీద ఒక రోజు దారి. ఒక గడ్డి విషయంలో మాత్రం అవి రెండు లోకాలు. పుట్టింట్లో ఆ గింజని దంచి, వండి, మజ్జిగ పోసుకుని తిన్నారు. అత్తింట్లో అదే వాలకం గడ్డిని నడుం వంచి పెరికి గట్టు మీద పారేశారు. పుట్టింట్లో దాని పేరు ఊద. చుట్టూ ఉన్న తమిళంలో కుదిరైవాలి, అంటే గుర్రం తోక. కంకి చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

1529లో విశ్వనాథ నాయకుడు మదురైకి వచ్చాక, ఆ ముందూ వెనకా, మనవాళ్లు దక్షిణానికి దిగి నల్లరేగడి భూములు పట్టుకున్నారన్నది ఈ పేజీలు చదివేవాళ్లకి కొత్త సంగతి కాదు. కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ చదివినవాళ్లకి అసలే చెప్పక్కర్లేదు. ఆ వచ్చినవాళ్లందరికీ నది కింద పొలం దొరకలేదు. వానని నమ్ముకుని జొన్న, సజ్జ, ఊద వేసుకున్నారు. ఈశాన్యపు వాన రెండు మూడు సార్లు బాగా పడితే చాలు, ఊద చేతికొస్తుంది. ధాతు సంవత్సరపు కరువులో, అంటే 1876-78లో, వేసిన ఊద కూడా ఎండిపోతే చెరువు పల్లాల్లో దానంతటది మొలిచిన ఊద గింజల్ని దులిపి గంజి కాచుకున్నారని అవ్వకి వాళ్ల అవ్వ చెప్పిందట.

ఇక్కడ ఒక చిక్కు విప్పాలి. మేము ఊద అంటున్నది ఒక్క మొక్క కాదు. తినడానికి వేసుకునేది ఒకటి. దానికి మన శామలకోటలో ఏళ్ల తరబడి మొక్కలు పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ పెట్టిన లాటిన్ పేరుకి అర్థం ‘ధాన్యమిచ్చేది’. ఆయన పోయాక 1820లో అచ్చయిన పుస్తకంలో ఆ పేరుంది. దానికి అడవి తల్లి చిన్న ఊద. తడి నేల ఎక్కడుంటే అక్కడ అదే మొలుస్తుంది, ఏడాదిలోపే గింజ రాల్చి చచ్చిపోతుంది. మూడోది పెద్ద ఊద. లిన్నేయస్ 1753లో దాన్ని ‘కోడి కాలు’ అన్నాడు. వరి ఉన్న దేశాల్లో దాదాపు అన్నిచోట్లా ఇదే మొండి కలుపు. విత్తనం నీళ్ల కింద, గాలి అందని బురదలో కూడా మొలకెత్తుతుంది. వరిని నాటి నీళ్లు నిలగడితే చాలా కలుపు చస్తుంది, ఇది చావదు. ఎండ ముదిరినకొద్దీ వరి కంటే చురుగ్గా పెరుగుతుంది, వేసిన ఎరువంతా ముందు తనే తాగుతుంది. వరి కోతకి రాకముందే గింజ రాల్చేసి వచ్చే ఏడాదికి మడిలోనే దాచుకుంటుంది. పెంపుడు ఊదకీ అడవి ఊదకీ పెద్ద తేడా అక్కడే. మనం వేసేది గింజని పట్టుకుని కోతకోసం ఆగుతుంది, అడవిది ఆగదు.

పెళ్లయిన ఏడాది పిసాన పంటకి అవ్వ మొదటిసారి కలుపుకి దిగింది. మా ఇళ్లలో కలుపుని కళ అనే అంటారు, తమిళం అలా కలిసిపోయింది. ఆవిడ తుంగ పెరికింది, ఆకు కలుపు పెరికింది, ఊదని మాత్రం వదిలేసింది. తెలియక కొంత. తెలిసినచోట కూడా చెయ్యి రాక. తిండి గింజని ఎవరైనా పెరుకుతారా? పక్క వరసలో ఉన్న కూలామె నవ్వి, వచ్చి చేతిలో రెండు మొక్కలు పెట్టిందట. ఆకుని కాండం దగ్గర వెనక్కి వంచి చూపించింది. వరికి ఆకు మొదట్లో, తొడుగు కలిసేచోట, సన్నటి తెల్లటి పొర పైకి లేచి ఉంటుంది. పక్కన చిన్న చెవుల్లాంటివి, వాటికి నూగు. ఊదకి అక్కడ ఏమీ ఉండదు, నున్నగా ఉంటుంది. తర్వాత అరవై ఏళ్లపాటు అవ్వ మా అందరికీ అదే చెప్పింది: “నాలిక ఉంటే మనది. నాలిక లేకుంటే పెరుకు.”

మాటలో చెప్పినంత తేలిక కాదది. ఈనిన తర్వాత ఊదని పిల్లలైనా పట్టుకుంటారు. నారుమడిలో, నాటిన మూడు వారాల్లో, పక్కపక్కన నిలబడితే రెండూ ఒకటే పచ్చ, ఒకటే నిటారు. చాలాసార్లు నారు కట్టలోనే ఊద మొలకలు కూడా వచ్చేస్తాయి. అంటే కలుపుని మన చేత్తోనే, వరసలో, జాగ్రత్తగా నాటుతాం! మేము చిన్నప్పుడు సెలవుల్లో కలుపుకి దిగి వరినే పెరికి తిట్లు తిన్నాం.

ఆ పోలిక యాదృచ్ఛికం కాదని రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ పేరు మీద ఒక సిద్ధాంతం ఉంది. విత్తనాలు సేకరిస్తూ దేశాలు తిరిగిన మనిషి, 1943లో సరాతోవ్ జైల్లో తిండి లేక చనిపోయాడు. సంగతి ఇది: మడిలో వేరుగా కనబడే గడ్డిని కలుపు తీసే మనిషి ముందు పెరికేస్తుంది. పక్కలకి పరుచుకున్నది, మొదట్లో ఊదా రంగు తేలినది పోతుంది. నిటారుగా, పచ్చగా, వరిలా ఉన్నది కంట పడక మిగిలి గింజ రాలుస్తుంది. అలా ఏడాది తర్వాత ఏడాది జరిగితే మడిలో మిగిలేది వరి వేషం కట్టిన గడ్డే. చైనాలో యాంగ్‌సీ నదీ పరీవాహకంలోని వరి పొలాల ఊద మొక్కల జన్యువుల్ని చదివి, ఈ వేషం సుమారు 1,000 ఏళ్ల కిందట మొదలైందని 2019లో లెక్క తేల్చారు. ఉత్తరం నుంచి జనం దిగి వరి సాగు చిక్కబడ్డ కాలం అది. అంటే ఆ గడ్డి రూపాన్ని చెక్కింది వాన కాదు, నేల కాదు, కలుపు తీసినవాళ్ల కళ్లు. ఎవరి కన్ను ఎంత సూక్ష్మమో, ఆ గడ్డి వేషం అంత పక్కా.

మాకు ఇది చదివినప్పుడు తాత చిట్టా గుర్తొచ్చింది. పాత పెట్టెలో ఉంది, ఎలక కొట్టినంత కొట్టింది. దాన్లో ఎద్దులు కొన్నచోట ఎద్దుల పేర్లున్నాయి, రంగులున్నాయి. కాలువ నీటి వంతు ఎవరెవరికి ఎన్ని గడియలో ఉంది. కలుపు దగ్గరికొచ్చేసరికి ‘కళకి ఆడాళ్లు 12’, ‘కళకి ఆడాళ్లు 9’, పక్కన కొలిచిన నెల్లు. అంతే. అవ్వకి నాలిక చూపించిన ఆమె పేరు అందులో లేదు. అవ్వ కూడా ఆమెని ఊరి అవతలి వాడ పేరుతోనే చెప్పింది తప్ప పేరుతో చెప్పలేదు. మేము అడగలేదు, అది మా తప్పే. ఆ కాలపు తీరు అలాంటిది, మా ఇల్లు దానికి వేరేమీ కాదు. తాత ఒక్కడిదే కాదులెండి. గుడి గోడల మీది శాసనాల్లో భూముల హద్దులు, పన్నులు, కాలువలు కనబడినట్టు కలుపు తీసిన ఆడవాళ్లు కనబడరు. తిరుక్కురళ్‌లో 550వ కురళ్ రాజు దుర్మార్గుల్ని శిక్షించడాన్ని పైరులో కలుపు తీయడంతో పోలుస్తుంది. అక్కడా పోలిక రాజుకే పోయింది.

1966లో ఐఆర్8 వచ్చాక పొట్టి వరి పెరిగింది, ఊదకి పైనుంచి ఎండ దొరికింది. తర్వాత మందులు. మొదట వచ్చిన 2,4-డి ఆకు కలుపుని చంపేది, గడ్డి జాతిని ముట్టేది కాదు. పోటీ తగ్గిన మడి ఊదకే మేలైంది. ఆపైన బ్యూటాక్లోర్, ఇప్పుడు బిస్‌పైరిబాక్. కూలి దొరక్క మా చిన్నాయన నాటు మానేసి నేరుగా వెదజల్లడం మొదలెట్టాక మందు లేకుండా గడవదు. ఆయన్ని తప్పుపట్టం, మేమెవరం వెళ్లి వంగలేదు కాబట్టి. అయితే ఊద ఊరుకోలేదు. వరిని వదిలి ఊదని చంపేందుకు తెచ్చిన ప్రొపానిల్ మందుకి 1990 నాటికే అమెరికా అర్కాన్సా పొలాల్లో అది చావడం మానేసింది. ఒకప్పుడు కంటిని తప్పించుకోవడం నేర్చిన గడ్డి ఇప్పుడు మందుని తప్పించుకోవడం నేర్చుకుంటోంది.

2018లో ఊద కూడా పోషక ధాన్యాల జాబితాలో చేరింది, 2023 చిరుధాన్యాల సంవత్సరమైంది. ఇప్పుడు మేము చెన్నైలో పొట్లం కట్టిన కుదిరైవాలి కొంటున్నాం, సన్నబియ్యం కంటే ఎక్కువ ధర పెట్టి. అవ్వ ఉండగా ఒకసారి వండి పెట్టాం. తిన్నది, బాగుందనలేదు, బాలేదనలేదు. దంపు ఎక్కువైంది, తవుడంతా పోయిందన్నది.

పోయిన పిసానంలో చిన్నాయన మనవరాలు సెలవుకొస్తే గట్టు పక్క మందు తగలని మూలకి తీసుకెళ్లి రెండు మొక్కలు చేతిలో పెట్టాం. ఆకు వెనక్కి వంచి చూసింది. “దీనికి లేదు” అన్నది, మళ్లీ ఇంకొకటి వంచింది. చీకటి పడేదాకా ఆ మూల పది పదిహేను పెరికింది. అందులో రెండు వరి.