ఓషధీఋణము: త్రవ్వినవాని ప్రార్థన, నాటినవాని ధర్మము

ఋగ్వేద దశమ మండలములోని 97వ సూక్తము ఓషధీసూక్తముగా ప్రసిద్ధము. 23 ఋక్కులు గల ఈ సూక్తమునకు ద్రష్ట భిషక్ ఆథర్వణుడు. ఋషి ఇందులో ఓషధులను తల్లులని సంబోధించినాడు; వాటికి 107 స్థానములు కలవని కీర్తించినాడు. సూక్తాంతమున ఒక ప్రార్థన కలదు: మూలికను త్రవ్వినవానికి గాని, ఎవని కొరకు త్రవ్వినారో ఆ రోగికి గాని హాని కలుగరాదని. మాతృదేహమును త్రవ్వుచున్నాననే స్పృహ గలవాడు మాత్రమే ఇట్లు వేడుకొనగలడు. గ్రహించిన ఓషధి ఋణమగుననే భావనకు బీజము ఇచ్చటనే ఉన్నది.

ఆ స్పృహయే ఆయుర్వేదములో నియమరూపము దాల్చినది. చరకసంహిత కల్పస్థానము ఓషధులను ఎచ్చట, ఎప్పుడు సేకరింపవలెనో నిర్దేశించినది. శ్మశానము, పుట్ట మొదలైన చోట్ల పెరిగినవి వర్జ్యములు. వేళ్ళను గ్రీష్మ శిశిరములలోను, బెరడును, దుంపలను, పాలను శరత్తులోను గ్రహింపవలెను. అదే సంహిత సూత్రస్థానములో మేకల కాపరులు, గోపాలకులు, వనవాసులు ఓషధుల నామరూపములను ఎరుగుదురని గౌరవముతో చెప్పి, వాటి ప్రయోగమును కూడ తెలిసినవాడే తత్త్వవేత్త అని నిర్ణయించినది.

సేకరణ నుండి రోపణమునకు సాగిన ప్రస్థానమునకు శిలాసాక్ష్యము తెలుగు నేలపైననే కలదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై క్రీ.పూ. 3వ శతాబ్దికి చెందిన అశోకుని 14 ప్రధాన శాసనములు చెక్కబడి ఉన్నవి. వాటిలో రెండవది మనుష్యులకు, పశువులకు చికిత్స ఏర్పరచిన సంగతిని తెలుపుచున్నది. ఓషధులు లేని చోట్లకు వాటిని తెప్పించి నాటించినట్లు అందు స్పష్టముగా ఉన్నది. లేని చోట నాటుట రాజధర్మమైనది. పశువులు కూడ ఆ ధర్మచ్ఛాయలోనికి వచ్చినవి.

క్రీ.శ. 1261 నాటి మల్కాపురము శాసనము ఈ ధర్మమునకు శైవసంప్రదాయములోని కొనసాగింపు. కాకతీయ రుద్రమదేవి కాలమున గోళకీ మఠాచార్యుడైన విశ్వేశ్వర శంభువు తనకు లభించిన దానముతో దేవాలయమును, మఠమును, విద్యార్థులను పోషించుటతో పాటు ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను కూడ నెలకొల్పినాడు. శివార్చన, రోగిసేవ ఒకే దానముపై ఆధారపడి నడచినవి.

ఆధునిక కాలమున ఋణము పెరిగినది, చెల్లింపు తగ్గినది. సర్పగంధ ఇందుకు దృష్టాంతము. 1952లో దాని వేరు నుండి రిసర్పిన్ అను ద్రవ్యము వేరుచేయబడి, రక్తపోటుకు ఔషధముగా ప్రపంచమంతట వ్యాపించినది. వేరు కొరకు త్రవ్వినచో మొక్కయే నశించును. అడవులలో సర్పగంధ క్షీణించి, చివరకు దాని అంతర్జాతీయ వాణిజ్యముపై నియంత్రణ విధింపవలసి వచ్చినది. భారత ప్రభుత్వము 2000 సంవత్సరమున జాతీయ ఔషధ మొక్కల బోర్డును స్థాపించినది. అడవిలోని సంరక్షణతో పాటు సాగును ప్రోత్సహించుట దాని లక్ష్యము.

నేడు సాధకునికి ఓషధి లభించు స్థానము సమీపములోని నర్సరీ. అచ్చట చరకుడు చెప్పిన నామరూపజ్ఞానము మరల అవసరమగుచున్నది. అశోకవృక్షమని అడిగినచో తరచుగా లభించునది నరమామిడి. నరమామిడి స్తంభము వలె నిటారుగా పెరుగును, దాని ఆకుల అంచులు అలలవలె ఉండును, పూలు ఆకుపచ్చనివి. నిజమైన అశోకము గుబురుగా వ్యాపించును; ఒకే ఈనెకు జంటలుగా ఆకులు కలిగి, నారింజ ఎరుపు రంగు పూగుత్తులను ధరించును. వైద్యములో బెరడు గ్రాహ్యమగునది దీనికే. బ్రాహ్మి అను పేరుతోను రెండు మొక్కలు దొరకును: గుండ్రని ఆకుల సరస్వతి ఆకు ఒకటి, చిన్న దళసరి ఆకులతో నేలపై ప్రాకునది మరియొకటి. పేరు ఒకటైనంత మాత్రమున వస్తువు ఒకటి కాదు. అందుచేత పూలు, ఆకులు చూచి, తెలిసిన వైద్యుని అడిగి తెచ్చుకొనుట వివేకము. సేవనమునకు కూడ వైద్యుని అనుమతియే ప్రమాణము.

తెచ్చిన తరువాతి శ్రమ స్వల్పము. తిప్పతీగ, అడ్డసరము కొమ్మ ముక్కల నుండి చిగుర్చును. సరస్వతి ఆకు తడి నేలలో తానే అల్లుకొనును. తులసి విత్తనములు రాలిన చోటనే మొలచును. వేపచెట్టు మొదట నాటిన తిప్పతీగ ముక్క కొన్నేళ్ళకు కొమ్మలను చుట్టుకొని, పొరుగువారికి కూడ ఒక ముక్క ఇచ్చునంతగా పెరుగును. త్రవ్వుటకు ముందు క్షమ వేడిన ఋషికి ఆ ఇచ్చిన ముక్కయే ప్రత్యుత్తరము.