ఏ ఊరి కోర్టుకు పోవాలి?

పొదుపు, లోను కిస్తీల మాటలు అయిపోయాక మన మీటింగుల్లో మిగిలేవి ఇంటి గొడవలే. ఈ ఏడాది ఎక్కువగా వినపడిన మాట: "ఆయన హైదరాబాదులో విడాకుల కేసు వేశాడంట, నేను అక్కడికే పోవాలా అక్కా?" దీనికి జవాబు కావాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మన ముత్తాతల కాలంలో హిందువులకు చట్టంలో విడాకులు లేవు. కొన్ని కులాల్లో పెద్దమనుషులు కూర్చుని తెంచేవాళ్ళు, మారుమనువులు ఉండేవి. మన వైపు అప్పుడు మద్రాసు రాష్ట్రం. అక్కడ 1949లో చట్టం వచ్చింది, భార్య ఉండగా ఇంకో పెళ్ళి కూడదని, కోర్టులో విడాకులు అడగొచ్చని. 1955లో హిందూ వివాహ చట్టం వచ్చింది. ఏ కోర్టో చెప్పేది అందులో 19వ సెక్షను. పెళ్ళి జరిగిన చోటు, భార్యాభర్తలు ఉంటున్న చోటు, లేదా చివరిగా కలిసి కాపురం చేసిన చోటు. 1976లో దాన్ని మార్చి, ఎదుటి మనిషి ఉంటున్న చోటు కూడా పెట్టారు.

చదివితే ఇద్దరికీ సమానమే అనిపిస్తుంది. కానీ కాపురం చెడిన ఆడమనిషి ఎక్కడికి పోతుంది? పుట్టింటికి. పెళ్ళి మగపెళ్ళివారి ఊళ్ళో అయ్యి, కాపురం బెంగళూరులో చేసి ఉంటే, చంకన బిడ్డతో అంత దూరం వాయిదాలకు తిరగాలి. తన కూలి పోతుంది, తోడొచ్చిన తమ్ముడి కూలి పోతుంది. మనోవర్తి కేసు భార్య ఉన్న చోట వేసుకునే వీలు 1973 నాటి క్రిమినల్ చట్టంలోనే వచ్చింది. విడాకులకు మాత్రం 2003 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటి నుంచి భార్య కేసు వేస్తే, వేసే రోజుకు తను ఉంటున్న చోటి కోర్టులోనే వేయొచ్చు. 48 ఏళ్ళు పట్టింది ఈ ఒక్క వాక్యానికి!

కోర్టు ఏదన్నది ఎంత పెద్ద విషయమో తిరుపతి కేసు చెబుతుంది. 1975లో తిరుపతిలో పెళ్ళయిన ఒక జంట అమెరికాలో న్యూ ఆర్లియన్స్‌లో కాపురం చేసి విడిపోయింది. భర్త ముందు తిరుపతి సబ్ కోర్టులో కేసు వేశాడు. తర్వాత మిస్సోరి అనే వేరే రాష్ట్రంలో 90 రోజులు ఉన్నానని చెప్పి, అక్కడి కోర్టులో 1980లో విడాకులు తెచ్చుకున్నాడు. భార్య అక్కడ లేదు. మరుసటి ఏడాది యాదగిరిగుట్టలో ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. ఆమె ఊరుకోలేదు, రెండో పెళ్ళి నేరమని ఇక్కడ కేసు పెట్టింది. 1991లో సుప్రీంకోర్టు ఆ అమెరికా విడాకులు చెల్లవంది. వాళ్ళ పెళ్ళి అక్కడ జరగలేదు, చివరి కాపురం అక్కడ కాదు, ఆమె ఆ కోర్టుకు ఒప్పుకోలేదు. అమెరికా సంబంధాలు చూసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంకో మార్పు మన కళ్ళ ముందే జరిగింది. రాష్ట్రం 2014లో విడిపోయినా హైకోర్టు ఒక్కటే ఉండేది. 2019 జనవరి 1 నుంచి రెండయ్యాయి. గుంటూరు నుంచి విజయవాడకు కేసు మార్చాలంటే మన హైకోర్టు చాలు. హైదరాబాదులో వేసిన కేసును గుంటూరుకు మార్చమంటే ఇప్పుడు ఢిల్లీ సుప్రీంకోర్టునే అడగాలి. అడిగితే ఆడవాళ్ళ ఇబ్బంది చూసి మార్చిన కేసులు చాలానే ఉన్నాయి. కానీ నోటీసు అలమరలో దాచి కూర్చుంటే మీరు లేకుండానే తీర్పు ఇచ్చేస్తారు. ఆ కోర్టుకు అధికారం లేదనిపిస్తే కౌంటరు వేసేటప్పుడే రాయించాలి. తర్వాత చెబితే వినరు.

మన క్రైస్తవ సోదరీమణులకు ఒక మాట. వాళ్ళది 1869 నాటి విడాకుల చట్టం. 2001లో చాలా మార్చారు గానీ భార్య ఉన్న చోటు అన్న మాట అందులో లేదు. పెళ్ళి జరిగిన చోటు, ఇద్దరూ ఉంటున్న చోటు, చివరి కాపురం చోటు, అంతే. 2003 మేలు వాళ్ళ దాకా రాలేదు, అది నాకు న్యాయంగా అనిపించదు.

హిందూ వివాహ కేసులు ఫ్యామిలీ కోర్టు ఉన్న చోట అందులో, లేని చోట సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేస్తారు. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. కోర్టు ఆవరణలోనే న్యాయ సేవా కమిటీ ఉంటుంది, ఫోను 15100. వెళ్ళేటప్పుడు ఆధార్, పెళ్ళి కార్డు లేదా ఫోటోలు, వచ్చిన నోటీసు కవరుతో సహా పట్టుకెళ్ళండి.