హైదరాబాదు అచ్చేసిన జపాను

2024 జనవరిలో జపానులోని తకరజుక పట్టణంలో ఒక సంగీత నాటకం మొదలైంది. కథానాయకుడు మన గోండు వీరుడు కొమురం భీం. తకరజుక నాటక సమాజంలో అందరూ ఆడవాళ్లే, మగ వేషాలూ వాళ్లే కడతారు. నూరేళ్లు దాటిన ఆనవాయితీ అది. ‘ఆర్ఆర్ఆర్’ సినిమాను భీం వైపు నుంచి తిరగరాసుకుని, జపాను భాషలో మాటలూ పాటలూ కట్టుకుని ఆడారు. చరిత్రలో భీం, ఆ సినిమాలో ఆయన జతగాడు అల్లూరి సీతారామరాజు ఎన్నడూ కలిసింది లేదు. సినిమానే ఒక కల్పన, దాని మీద ఇది మరో కల్పన. అయితేనేం, జోడేఘాట్ గుట్టల మనిషి జపాను రంగస్థలం ఎక్కాడంటే ఆదిలాబాద్ వాళ్లు మీసం మెలేసుకోవచ్చు.

ఇదే దారిలో అంతకు నూట రెండేళ్ల ముందు ఎదురు ప్రయాణం ఒకటి జరిగింది. 1922లో నిజాం సర్కారు తన విద్యాశాఖ అధిపతి సయ్యద్ రాస్ మసూద్‌ను జపాను పంపించింది. బడులు ఎట్లా నడుస్తున్నాయో చూసి రమ్మని. ఆయన చూసి వచ్చి ఇంగ్లిష్‌లో ఒక పెద్ద నివేదిక రాశాడు. ‘జపాన్ అండ్ ఇట్స్ ఎడ్యుకేషనల్ సిస్టమ్’ అనే ఆ పుస్తకాన్ని 1923లో హైదరాబాదు సర్కారీ ముద్రణాలయం అచ్చేసింది. తర్వాత ఉర్దూలోకీ వచ్చింది. అప్పటికి కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో దాన్ని చదవగలిగిన వాళ్లు ఎందరుంటారు? 1921 జనాభా లెక్కల ప్రకారం రాజ్యం మొత్తం మీద అక్షరం ముక్క వచ్చినవాళ్లు నూటికి అయిదుగురు కూడా లేరు. కానీ ఆ పుస్తకం ఏ విధానానికి వత్తాసు పలికిందో, ఆ విధానం కిందే ఈ జిల్లాల పిల్లలు పాతికేళ్ల పాటు హైస్కూలు చదువులు చదివారు.

మసూద్ ఆషామాషీ ఉద్యోగి కాడు. అలీగఢ్ విద్యాలయం స్థాపించిన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్‌కు మనవడు. ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లబోయే ముందు ఇంగ్లండులో ఆయనకు లాటిన్ చెప్పడానికి కుదిరిన కుర్ర పంతులు ఇ.ఎం. ఫార్‌స్టర్. ఆ చదువు స్నేహమైంది. 1924లో వచ్చిన ‘ఎ ప్యాసేజ్ టు ఇండియా’ నవలను ఫార్‌స్టర్ మసూద్‌కే అంకితమిచ్చాడు. మసూద్ 1916లో హైదరాబాదు వచ్చి, 1928 దాకా ఇక్కడి చదువుల శాఖను నడిపాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టింది ఈ కాలంలోనే.

ఉస్మానియా ఎందుకంత వింతో ఇప్పటి వాళ్లకు చెబితే గాని తెలియదు. అప్పట్లో దేశంలో దాదాపు ఏ విశ్వవిద్యాలయానికి పోయినా పై చదువు ఇంగ్లిష్‌లోనే. 1918లో నిజాం ఫర్మానాతో ఏర్పడి, 1919లో తరగతులు తెరిచిన ఉస్మానియా మాత్రం చరిత్ర నుంచి రసాయనశాస్త్రం దాకా అన్నీ ఉర్దూలో చెబుతానంది. చెప్పాలంటే పుస్తకాలుండాలి కదా. అందుకని విశ్వవిద్యాలయం కంటే ముందే, 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ తెరిచారు. మౌల్వీ అబ్దుల్ హక్ దాని పెద్ద. కవులు, పండితులు కూర్చుని గణితానికీ వైద్యానికీ పారిభాషిక పదాలు కట్టారు. జోష్ మలీహాబాదీ అంతటి కవి అక్కడ నౌకరీ చేశాడు. ఇదంతా అయ్యే పనేనా అని వెక్కిరించిన వాళ్లకు జవాబు కావాల్సి వచ్చింది. ఆ జవాబు జపానులో దొరుకుతుందని హైదరాబాదు నమ్మింది.

నమ్మడానికి కారణం లేకపోలేదు. 1905లో జపాను నౌకాదళం రష్యాను సుషిమా దగ్గర ముంచేశాక ఆసియాలో చదువుకున్న వాళ్లందరికీ జపాను పూనకం పట్టింది. తెల్లవాణ్ని ఓడించిన ఆసియా రాజ్యం ఒకటుంది, దాని కిటుకేమిటి? ఒకరు కత్తి అన్నారు, ఒకరు చక్రవర్తి అన్నారు, ఒకరు ఫ్యాక్టరీ అన్నారు. మసూద్ బడి అన్నాడు. ఆ బడిని అర్థం చేసుకోవాలంటే ముందు దేశ చరిత్ర తెలియాలని నివేదికలో బోలెడు పేజీలు దానికే ఇచ్చాడు. సర్కారుకు లెక్కలు అప్పజెప్పాల్సిన అధికారి దేశ చరిత్ర రాస్తూ కూర్చోవడం నాకు నచ్చుతుంది. ఇప్పటి అధ్యయన యాత్రల నివేదికల్లో ఫొటోలే తప్ప ఇంత చదువు కనపడదు.

ఆయన చూసిన జపాను వెనక యాభై ఏళ్ల కసరత్తు ఉంది. 1868లో మేజీ చక్రవర్తి పేరిట కొత్త ప్రభుత్వం వచ్చింది. నాలుగేళ్లకే, 1872లో, దేశానికో విద్యా శాసనం చేసి 53,760 ప్రాథమిక పాఠశాలలు పెట్టాలని లెక్క గీసుకుంది. కాగితం మీది లెక్కే అది, ఊళ్లలో జనం మొదట్లో బడులు తగలబెట్టిన సంఘటనలూ ఉన్నాయి. అయినా 1910 నాటికి బడి ఈడు పిల్లల్లో నూటికి తొంభై అయిదుకు పైగా హాజరు పట్టీలకెక్కారు. భాష సంగతి మరీ చిత్రం. 1872 ప్రాంతంలో మోరి అరినోరి అనే యువ దౌత్యవేత్త, మన భాషతో ఆధునిక విద్య సాగదు, ఇంగ్లిష్ తెచ్చుకుందామని అమెరికా పండితుడు విట్నీకి ఉత్తరం రాశాడు. ఆ పని చేయకండి, జనానికీ చదువుకున్న వాళ్లకీ మధ్య గోడ లేస్తుందని సలహా ఇచ్చింది ఆ అమెరికా పండితుడే! అదే మోరి 1885లో జపాను తొలి విద్యామంత్రి అయ్యాడు. తోక్యో విశ్వవిద్యాలయంలో మొదట పాఠాలు చెప్పిన తెల్ల ఆచార్యులు ఒక్కొక్కరే ఇళ్లకు పోయారు. వాళ్ల దగ్గర చదివిన వాళ్లు జపాను భాషలో చెప్పడం మొదలుపెట్టారు. కొత్త శాస్త్రాలకు చీనా అక్షరాలతో కొత్త పేర్లు కట్టుకున్నారు. మసూద్‌కు ఇది చూస్తే హైదరాబాదులో తమ వాళ్లు అరబీ, ఫారసీ మూలాలతో పదాలు కట్టడం కళ్ల ముందు మెదిలే ఉంటుంది. సొంత భాషలో చదువు చెప్పుకున్న జాతి యాభై ఏళ్లలో ఎక్కడికి పోయిందో చూడండి అన్నది ఆయన పుస్తకం వాదన. గట్టి వాదనే.

పుస్తకం అచ్చయిన ఏడే, 1923 సెప్టెంబర్ 1న, తోక్యో, యొకొహామా భూకంపంలో కూలి కాలిపోయాయి. విశ్వవిద్యాలయ గ్రంథాలయం బుగ్గి అయింది. ఆ అల్లకల్లోలంలో కొరియన్లు బావుల్లో విషం కలుపుతున్నారని పుకారు లేచి, వేల మంది కొరియన్ కూలీలను వీధుల్లో చంపేశారు. ఎవరు కొరియనో పట్టుకోవడానికి కొన్ని జపాను మాటలు పలకమని అడిగి, పలకలేనివాణ్ని పొడిచారు.

ఆ జపాను కూడా అప్పటికి ఉంది. 1910లో కొరియాను కలిపేసుకున్నాక అక్కడి బడుల్లో బోధన భాష జపానుదే. ‘జాతీయ భాష’ అంటే కొరియా పిల్లలకు పొరుగువాడి భాష. అంతకు ముందే ఒకినావా దీవుల్లో మరో ముచ్చట. బడిలో నోరుజారి ఇంటి భాష మాట్లాడిన పిల్లవాడి మెడలో ఒక చెక్కముక్క వేలాడదీసేవారు. ఇంకో పిల్లవాడు తప్పు మాట్లాడితే గాని అది వీడి మెడ దిగదు. 1916లోనే తోక్యో వెళ్లిన టాగూరు, ఈ జాతీయత పిచ్చి మీకు మంచిది కాదని వాళ్ల ముఖానే చెప్పి, విమర్శలు తిని వచ్చాడు. మసూద్ చూపు అటు పెద్దగా పోలేదు. నిజాం రాజ్యాన్ని అప్పుడు పోల్చాల్సింది తోక్యోతోనా, సియోల్‌తోనా అని అడిగితే, కరీంనగర్ బడి పిల్లవాడి జవాబు వేరుగా ఉండేది.

ఎందుకంటే ఉస్మానియా ‘సొంత భాష’ ఎవరికి సొంతం? రాజ్యంలో సగం మందికి దగ్గరగా తెలుగు వాళ్లు, నాలుగో వంతు మరాఠీ వాళ్లు, ఆ తర్వాత కన్నడం. ఉర్దూ ఇంటి భాషగా ఉన్నవాళ్లు నూటికి పది పన్నెండు మంది. నాలుగో తరగతి దాకా తెలుగులో చదువుకోవచ్చన్నారు. ఆపైన తాలూకా కేంద్రంలోనో, జిల్లా కేంద్రంలోనో బడికి పోతే లెక్కలూ ఉర్దూలోనే, భూగోళమూ ఉర్దూలోనే. ఊళ్లో జనం చందాలేసుకుని పంతుల్ని పెట్టుకుందామంటే, 1920ల నడుమ వచ్చిన ఖానగీ (ప్రైవేటు) బడుల నిబంధన ప్రకారం ముందు సర్కారు ఇజాజత్ కావాలి. ఆ దెబ్బకు ఎన్నో వీధి బడులు మూతపడ్డాయి. జపానులో మాతృభాషా విద్యను మెచ్చుకున్న పుస్తకమూ, ఈ నిబంధనా ఒకే శాఖ నుంచి రావడం చరిత్ర ఆడిన పరాచికం.

మసూద్ ఓడ ఎక్కడానికి కొన్ని నెలల ముందే హైదరాబాదులో ఈ సంగతి బయటపడింది. 1921 నవంబర్ 12న వివేకవర్ధిని థియేటర్‌లో మహర్షి కర్వే అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరుగుతోంది. ఇంగ్లిష్, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు సాఫీగా సాగాయి. వకీలు ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మాట్లాడబోతే చప్పట్లూ కేకలూ వేసి కూర్చోబెట్టారు. ఇక్కడ గొడవ చేసింది ఎక్కువగా మరాఠీ వాళ్లు, సర్కారు కాదు. ఒకరి భాషను ఒకరు చులకన చేయడం పై నుంచి కింది దాకా పాకిందన్నమాట. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కొందరు కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. తర్వాత ఆంధ్ర మహాసభ అయిన ఉద్యమానికి విత్తనం అదే. ఆ శీతాకాలంలో ఫార్‌స్టర్ హైదరాబాదులోనే మసూద్ ఇంట అతిథిగా ఉన్నాడు.

ఆంధ్ర మహాసభ నాలుగో సమావేశం 1935లో కరీంనగర్ జిల్లా సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన జరిగింది. మాతృభాషలో చదువు కావాలన్నది ఆ సభలు అలుపు లేకుండా అడిగిన మాట. అడిగారు గాని దక్కలేదు. ఆ తర్వాత కొన్నేళ్లకు అదే సిరిసిల్ల బడిలో, ఆపైన కరీంనగర్‌లో చదివిన హనుమాజీపేట పిల్లవాడు సి. నారాయణరెడ్డి. 1931లో పుట్టిన ఆయన డిగ్రీ దాకా ఉర్దూ మాధ్యమంలోనే చదివాడు. తెలుగు పద్యం సొంతంగా పట్టుకున్నదే. ఆదిలాబాద్‌లో దహెగాం దగ్గర తెనుగుపల్లెలో 1928లో పుట్టిన సామల సదాశివ ఉర్దూ, ఫారసీలను ఎంత ఇష్టంగా నేర్చాడంటే, ఉర్దూ కవి అమ్జద్ రుబాయీలను తెలుగు చేశాడు, హిందుస్తానీ గాయకుల ముచ్చట్లు తెలుగు ఇళ్లలోకి తెచ్చాడు. ‘స్వరలయలు’కు 2011లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఈ ఇద్దరినీ చూపించి, చూశారా ఉర్దూ చదువు మేలే చేసిందని కొందరు అంటుంటారు. గట్టెక్కిన వాళ్లను చూపి ఏరు లోతు లేదనడమే అది. నాలుగో తరగతితో పలక పక్కన పెట్టిన వాళ్లు పుస్తకాలు రాయలేదు, అంతే.

ఆదిలాబాద్ కథ ఇంకో మెట్టు కిందికి దిగుతుంది. అక్కడ గోండులకు ఉర్దూ ఎంత దూరమో తెలుగూ మరాఠీ కూడా అంతే దూరం. 1940లో జోడేఘాట్‌లో భీం తుపాకీ గుళ్లకు నేలకొరిగాక, ఈ అడవి జనానికి ఇంత కోపం ఎందుకొచ్చిందో తెలుసుకోవాలని సర్కారుకు తోచింది. వియన్నా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌కు ఆ పని అప్పజెప్పారు. జర్మన్ పాస్‌పోర్టు వల్ల యుద్ధకాలంలో బ్రిటిష్ వాళ్ల లెక్కలో ఆయన శత్రుదేశీయుడు. భార్య ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయి అనే గోండు ఊళ్లో గుడిసె వేసుకుని ఉన్నాడు. భూమి పట్టాల తర్వాత ఆయన పట్టుబట్టింది బడి గురించి. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం తెరిచారు. అంతో ఇంతో అక్షరాలొచ్చిన గోండు యువకులను పంతుళ్లుగా తయారుచేసి, నాగరి లిపిలో గోండి వాచకాలు అచ్చేసి ఊళ్లకు పంపారు. పిల్లవాడు ఇంట్లో మాట్లాడే మాటతోనే అక్షరం మొదలుపెట్టాడు. రాజధానిలో మసూద్ పుస్తకం అచ్చయిన ఇరవై ఏళ్లకు, జపాను పాఠాన్ని అసలైన అర్థంలో అమలు చేసింది నిజాం రాజ్యంలో ఈ కొండ మీది ఊరేనని నా లెక్క. మసూద్ అప్పటికి లేడు, 1937లో భోపాల్‌లో చనిపోయాడు.

1948 పోలీసు చర్య తర్వాత ఉస్మానియాలో ఉర్దూ పోయింది. ఆ కుర్చీలో తెలుగు కూర్చోలేదు, ఇంగ్లిష్ కూర్చుంది. తెలుగులో పై చదువుకు పుస్తకాలు రాయించే పనికి 1968లో తెలుగు అకాడమీ పెట్టారు. అప్పటి విద్యామంత్రి, అకాడమీ తొలి అధ్యక్షుడు నాటి కరీంనగర్ జిల్లా వంగర వాసి పి.వి. నరసింహారావు. ఆయన కూడా ఉర్దూ మాధ్యమంలో బడి చదువు చదివినవాడే. పారిభాషిక పదకోశాలు, ఇంటర్ పుస్తకాలు, డిగ్రీ పుస్తకాలు అంటూ అకాడమీ ఎత్తుకున్న పని ఒక రకంగా దారుల్ తర్జుమా పనే, భాష మారిందంతే. 1992 జూన్‌లో ప్రధానిగా ఆయన జపాను వెళ్లినప్పుడు ముచ్చటంతా పెట్టుబడుల గురించి.

మార్లవాయి పద్ధతి మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. రాజ్యాలు మారి, రాష్ట్రాలు ఏర్పడ్డాక గోండు ఊళ్ల బడుల్లో తెలుగే బోధన భాష అయింది. ఉర్దూ మన మీద చేసినదాన్ని మనం గోండి మీద చేశామని అనడానికి మనవాళ్లకు నోరు రాదు. నార్నూర్ మండలం గుంజాలలో గోండి సొంత లిపిలో రాసిన పాత చేతిరాత ప్రతులు బయటపడితే, వాటి ఆధారంగా 2018లో ఆ లిపికి యూనికోడ్‌లో చోటు వచ్చింది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో గోండి ఇంకా లేదు.