సెయింటు పీటరు గుమ్మటము – పోలేని పరీక్ష
రోమునందలి సెయింటు పీటరు దేవాలయపు గుమ్మటమునకు మైకేలాంజెలో రూపకల్పన చేయఁగా దెల్లా పోర్టా దానిని 1590 నాఁటికిఁ గట్టించెను. దాని వ్యాసము సుమారు 42 మీటరులు. నూటయేఁబది యేండ్లు గడచునప్పటికి నిలువునఁ బగుళ్లు పాఱి, అది కూలునను వదంతి పుట్టెను.

1742లో పదునాలుగవ బెనెడిక్టు పోపు లెస్యూరు, జాకియే, బోస్కోవిచ్ అను మువ్వురు గణితజ్ఞులను నియమించెను. వారు గుమ్మటపు అడుగుభాగము వెలుపలికిఁ దన్నుచున్నదని లెక్కించి క్రొత్త ఇనుపకట్లు వేయుఁడనిరి. గణితము లేకయే కట్టిన దానిని బాగుచేయుటకు గణిత మేల యని కొంద ఱాక్షేపించిరి. ఆక్షేపము చమత్కారముగనే యున్నది. కాని పగుళ్లు దానికి లొంగవు గదా!

అంతటఁ బోపు దూరమందలి పదువాలో నాచార్యుఁడగు జొవాన్ని పోలేనిని సంప్రదించెను. ఆతఁడు మొదట అక్కడనుండియే తన యభిప్రాయము వ్రాసి పంపెను. పిదప 1743లో రోమునకు వచ్చి గుమ్మటమును స్వయముగఁ జూచెను. ఆతని పరీక్షావిధానము మనోహరము. గుమ్మటమును ఏఁబది తొనలుగా భావించి, తొనయందలి భాగముల బరువులకుఁ దగినట్లు 32 తూకములను దారమునకుఁ గూర్చి వ్రేలాడఁదీసెను. ఆ వంపును తలక్రిందు చేసి చూడఁగా నది గోడల మందములోనే యిమిడెను. కావునఁ బగిలినను తొనలు నిలువఁగలవని తేలెను.

అయినను కట్లు వలదని యాతఁ డనలేదు. 1743–44లలో వాన్‌వితెల్లి పర్యవేక్షణమున అయిదు కట్లు బిగించిరి. పిమ్మట నిర్మాణకాలపు పాతకట్టొకటి తెగియుండుట బయటపడఁగా 1748లో ఆఱవది చేర్చిరి. ఆ యేఁటనే పోలేని యీ వృత్తాంతమును, పరుల యభిప్రాయములతోఁగూడ, పదువాలో గ్రంథముగా ముద్రించెను.